ఎర్ర చిగురు కోసి, దొంగ కొమ్మను ఉంచారు

పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీశాను. నా ఎర్ర గులాబీకి మొదట్లోంచి వారం కిందట లేచిన చిగురు, చిటికెన వేలంత లావున ఉన్నది, నేల మీద పడి ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన తోటపని అన్న కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎర్రగా రోగం వచ్చినట్టుంటే కోసేశానక్కా. ఆ పక్క పచ్చకొమ్మ ఏపుగా ఉంది గదా, దాన్ని ఉంచా" అన్నాడు.

ఇట్లాంటి గులాబీకి లేత చిగురు ఎర్రగా కాక ఎట్లా వస్తుంది! రేపు పూలిచ్చే కొమ్మే అది. ఆయన ఉంచిన ఏపైన కొమ్మ అంటు కింద నుంచి పుట్టిన దొంగ కొమ్మ. వేరు అడవి గులాబీది, పైన కట్టింది మన రంగు గులాబీ. కింది నుంచి వచ్చేది వేరు తెచ్చే బలమంతా తినేస్తుంది, పైది ఎండిపోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?

ఇక ఆ ఏడాకుల లెక్క ఒకటి! ఒక్కో ఆకు కాడకు చిన్నాకులు ఐదుంటే మంచి కొమ్మ, ఏడుంటే దొంగదట. మంచి గులాబీలకూ ఏడాకులు వస్తాయి. ఆకులు లెక్కపెట్టడం మాని వేలితో మట్టి తీసి చూడండి. అంటు కట్టిన చోట బుడిపె ఉంటుంది. దాని పైన పుడితే మనది, కింద పుడితే దొంగది. పైపైన కత్తిరిస్తే ఒకటికి నాలుగు లేస్తాయి. పుట్టిన చోటి దాకా మట్టి తీసి, కిందికి లాగి చీల్చెయ్యాలి.

మట్టి తీస్తే కదా కనిపించేది! నాకు ఈ మొక్క అమ్మినాయన ఆ బుడిపెను కవర్లోనే మట్టితో కప్పేశాడు. అడిగితే "అట్నే నాటండమ్మా, ఏం కాదు" అన్నాడు.

ఆ "ఏం కాదు" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పొదలకూరు దగ్గర మా నాన్న బత్తాయి అంట్లు పెట్టినప్పుడు కూడా ఇదే మాట. తోట చూసుకునే ఆయన కింది పిలకలు తీయలేదు. దారిన పోయేవాళ్ళంతా చెట్లు ఏపుగా ఉన్నాయని మెచ్చుకునేవాళ్ళు. నాలుగేళ్ళకు కాపొచ్చింది. బత్తాయి కాదు, అంటుకు కింద వేరుగా వాడిన జంబేరి నిమ్మవి, గరుకు తోలు కాయలు, నోట్లో పెడితే పళ్ళు పులిసేంత పులుపు. పైన కట్టిన బత్తాయి ఎప్పుడో ఎండిపోయింది. ఆ చెట్లు కొట్టించిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. అమ్మ కంచం మూత పెట్టి రాత్రి దాకా అట్లాగే ఉంచింది.

అందుకే ఎవరైనా "ఏపుగా ఉంది" అంటే నాకు భయం. పచ్చకొమ్మను ఇందాక నేనే చీల్చి తీశాను, చేతులంతా గీరుకుపోయాయి. కోసిన మోడు మీద, బుడిపెకు పైన, ఇంకొక్క కన్ను మిగిలింది, బియ్యపు గింజంత. అది లేచేదాకా నా కుండీ దగ్గరికి ఎవరూ కత్తెర తీసుకురావద్దు. సెక్రటరీ గారికి కూడా ఇదే చెప్పి వచ్చాను.