మిషిగన్ ప్రైమరీ సర్వేలు ఎందుకు తప్పాయి

అమెరికాలో ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునేందుకు జరిపే ప్రైమరీ ఎన్నికల సర్వేలు తప్పడానికి తక్కువమందిని ప్రశ్నించడమే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. దానితో నేను ఏకీభవించలేను. 600 మందిని సరిగ్గా ఎంచుకుని అడిగితే ఫలితం అటూ ఇటూ దాదాపు 4 శాతం మాత్రమే మారుతుంది. కానీ 2016 మార్చి 8న మిషిగన్ రాష్ట్రంలో జరిగిన డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ సగటున 20 శాతానికి పైగా ఆధిక్యంలో ఉన్నారని సర్వేలు చెప్పగా, ఆమె ప్రత్యర్థి బెర్నీ శాండర్స్ సుమారు ఒకటిన్నర శాతం తేడాతో గెలిచారు. అంత పెద్ద తేడా తక్కువమందిని అడిగినందువల్ల మాత్రమే రాదు.

ఓటు వేయడానికి ఎవరు వస్తారో ముందుగా తెలియకపోవడమే అసలు చిక్కు. మిషిగన్‌లో ఓటరు నమోదులో పార్టీ ప్రస్తావన ఉండదు. ప్రైమరీ నాడు ఎవరైనా తమకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. 2008 లెక్కలతో పోల్చుకుందామంటే, పార్టీ నిబంధనలకు విరుద్ధంగా రాష్ట్రం తేదీని ముందుకు జరిపినందున ఒబామా అప్పట్లో తన పేరునే బ్యాలెట్ నుంచి ఉపసంహరించుకున్నారు, కాబట్టి ఆ లెక్కలూ పనికిరావు. పైగా 2016లో కొన్ని సర్వేలు ల్యాండ్‌లైన్లకు రికార్డు చేసిన గొంతుతో ఫోన్ చేసి, "ఫలానా వారికైతే ఒకటి నొక్కండి" అని అడిగినవే. ఆ ఏడాది మా వంటగది గోడకున్న ఫోన్‌కు అలాంటి కాల్ వస్తే మా మామగారు ఓపికగా జవాబులన్నీ ఇచ్చారు. మొదటిసారి ఓటు వేయబోతున్న మా అమ్మాయి సెల్‌ఫోన్‌కు మాత్రం ఒక్క కాల్ కూడా రాలేదు. శాండర్స్ వైపు గట్టిగా మొగ్గింది ఆ వయసువారే. సర్వేలు ప్రచురించే పత్రికలు ఎంతమందిని అడిగారన్న అంకె పక్కనే, ఎవరిని ఓటర్లుగా లెక్కించారో కూడా తప్పక రాయాలని కోరుతున్నాను.