సవరణ: డిపాజిట్ వడ్డీ, టీడీఎస్ గురించి నేను రాసిన తప్పు

2025 మార్చి 29న పెట్టిన పోస్టులో, "ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు ఎఫ్‌డీ వడ్డీ 50,000 దాటితే కొత్త పన్ను పడుతుంది, రాజ్యసభ ఒప్పుకోకపోతే ఆగిపోతుంది" అని రాశాను. రెండూ తప్పే. అది చదివి కడపలో మా వీధి రిటైర్డ్ మాస్టారు ఒకాయన డిపాజిట్ తీసేద్దామని బ్యాంకుకు బయల్దేరారట. ఆయనకు టెన్షన్ పెట్టింది నేనే. క్షమించండి సార్.

ఏడాదిలో వడ్డీ ఒక పరిమితి దాటితే బ్యాంకు అందులోంచి కొంత పన్ను కింద పట్టుకుంటుంది, అదే టీడీఎస్. 50,000 రూపాయలు అనేది 60 ఏళ్లు నిండని వాళ్ల పరిమితి. ఇదివరకు అది 40,000. 60 నిండినవాళ్లకు 50,000 కాస్తా 2025 ఏప్రిల్ 1 నుంచి లక్ష అయింది. అంటే పెద్దవాళ్లకు వెసులుబాటే, నేను తిరగేసి చెప్పాను. పైగా టీడీఎస్ కొత్త పన్నేమీ కాదు, కట్టాల్సిన పన్ను కింద వడ్డీలోంచి బ్యాంకు ముందే పట్టుకునే 10 శాతం. 60 నిండినవాళ్లలో పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లు ఆ సంగతి రాసిచ్చే ఫారం (2025లో అది 15హెచ్) బ్యాంకుకు ఇస్తే అదీ పట్టుకోరు. ఒకవేళ పట్టుకున్నా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక రాజ్యసభ సంగతి. ఈ మార్పులున్న ఫైనాన్స్ బిల్లును లోక్‌సభ మార్చి 25న 35 సవరణలతో ఆమోదించింది. అది ద్రవ్య బిల్లు కాబట్టి దాన్ని ఆపే అధికారం రాజ్యసభకు లేదు. 14 రోజుల్లోపు సిఫారసులతోనో, లేకుండానో తిప్పి పంపాలి. ఆ సిఫారసులు తీసుకోవడం, మానడం లోక్‌సభ ఇష్టం. 27నే తిప్పి పంపేశారు కూడా! టీవీలో సభ్యుల అరుపులు విని, ఇంకా ఏదో తేలాల్సి ఉందనుకున్నాను.

పాత పోస్టు తీసెయ్యలేదు, పైన ఈ సవరణ అతికించాను. ముందు షేర్ చేసినవాళ్లు దీన్నీ పంపండి.