"మరియు వారి శ్రీమతి"

ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో ఒక సంఘం వేసిన పాత రజతోత్సవ సంచిక చూశాను. అట్ట ఊడిపోయింది, కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఒక ఫొటో కింద నలుగురు మగవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా వేశారు. పక్కనే నిలబడిన ఆవిడకు మాత్రం "మరియు వారి శ్రీమతి". ఆ ఇంటి పెద్దావిడ వేలు పెట్టి చూపించి, "మాకు అఆలు దిద్దించింది ఈవిడేనమ్మా" అన్నారు.

వికీపీడియాలో ఆడవాళ్ల పేజీలు ఎందుకు తక్కువని ఎవరైనా అడిగితే నాకు ఆ ఫొటోయే గుర్తొస్తుంది. ఆంగ్ల వికీపీడియాలో 2015లో ఔత్సాహికులు ఆడవాళ్ల పేజీలు పెంచడానికి 'విమెన్ ఇన్ రెడ్' అనే ప్రయత్నం మొదలుపెట్టేనాటికి జీవితచరిత్రల్లో స్త్రీలవి సుమారు 15 శాతం. ఇన్నేళ్లు రాస్తే ఇప్పుడు 20 శాతం దగ్గరకు వచ్చింది. భౌతికశాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌ల్యాండ్ మీద రాసిన చిత్తుప్రతిని మూలాలు, అంటే ఆధారంగా చూపే పత్రికలు, పుస్తకాలు, చాలవని 2018 మేలో తిప్పి పంపారు. అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది. నోబెల్ స్థాయి మనిషికే అలా జరిగితే బరంపురం, పర్లాకిమిడి ఆడవాళ్ల సంగతి చెప్పాలా?

మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. 1946లో ఒరిస్సా శాసనసభ డిప్యూటీ స్పీకరైన ఎ. లక్ష్మీబాయి బరంపురం మనిషే, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన మనిషి. 1936 ఏప్రిల్ 1 దాకా ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. ఇలాంటి జీవితం గురించి రాయాలంటే మొదటి సగానికి మద్రాసు కాగితాలు, రెండో సగానికి ఒడిశా శాసనసభ పుస్తకాలు తిరగేయాలి. తెలుగువాళ్లు ఇటు చూడరు, ఒడియావాళ్లకు అటు లిపి రాదు. పైగా పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా రాస్తారు. ఒకే మనిషి ముగ్గురై, వెతికితే ఒక్కరూ దొరకరు.

అందుకే ఈ పనికి రెండు లిపులూ చదవగలిగిన మన పిల్లలు కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన అమ్మాయిలు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. తెలుగు వికీలో రాసే వ్యాసానికి మూలం తెలుగులోనే ఉండాలన్న నియమం లేదు, ఒడియా పత్రికైనా చెల్లుతుంది. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది ఆగిపోతున్నారు. పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్నిటికీ దారిమార్పు పేజీలు, అంటే ఏ పేరుతో వెతికినా అసలు వ్యాసానికే తీసుకెళ్లేవి, పెడితే ఆ ముగ్గురూ మళ్లీ ఒక్కరవుతారు.

బిరుదులు వచ్చినవాళ్లతో పేచీ లేదు. కొరాపుట్ జిల్లాలో దేశవాళీ వరి విత్తనాలు కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది, పత్రికలు రాశాయి, మూలాలు పుట్టాయి. అదే పని చేసి ఏ బిరుదూ రానివాళ్ల దగ్గరకు ముందు విలేకరి వెళ్లాలి, ఆ తర్వాతే వికీ. ప్రేమకొద్దీ మూలాల్లేకుండా పొగుడుతూ రాస్తే ఆ పేజీని వారంలో తీసేస్తారు, తీసేయడం న్యాయమే. అలా పోయిన పేజీ తర్వాత రాసేవాళ్లకు ఇంకో అడ్డంకి.

ఫొటోలో ఆవిడ పేరు పెద్దావిడ చెప్పారు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసుకున్నాను. సంఘం సొంత సంచిక ఒక్కటే మూలంగా చాలదు. ఆవిడ పాఠాలు చెప్పిన బడి గురించి అప్పటి పత్రికల్లో ఏమైనా వచ్చిందేమో రెండు లిపుల్లోనూ వెతకాలి. అది దొరికేదాకా పేజీ పెట్టను.