అమెరికా వెళ్తే ఇంగ్లిష్ దానంతటదే వస్తుందా?

"రెండేళ్లు అక్కడుంటే ఇంగ్లిష్ అదే వచ్చేస్తుంది" అన్న నమ్మకంతో పిల్లల్ని ఎంఎస్‌కు పంపే తల్లిదండ్రులు చాలామంది. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థులు, ఓపీటీలో (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉన్నవారితో కలిపి, 3.31 లక్షలు. వాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగిన కుర్రాడికి గది, వంట, కిరాణా, సినిమా అన్నీ తెలుగులోనే గడిచిపోతాయి. అద్దె భారం, ఇంటి మీద బెంగ ఉన్నప్పుడు తెలుగు రూమ్మేట్లను వెతుక్కోవడాన్ని నేను తప్పుపట్టను. మరి ఇంగ్లిష్‌లో నోరు విప్పక తప్పని సమయం రోజులో ఎప్పుడు వస్తుంది?

క్లాసులో వస్తుందనుకుంటాం. అక్కడ ఎక్కువగా జరిగేది వినడమే. అసైన్‌మెంట్ ఆన్‌లైన్‌లో పెడతారు, గ్రూప్ ప్రాజెక్టులో నలుగురూ మనవాళ్లే. వినడం ఒక్కటే చాలదని కెనడా అనుభవం చెబుతోంది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఫ్రెంచిలోనే పాఠాలు చెప్పే పద్ధతి 1965లో క్యూబెక్‌లో మొదలైంది. అలా ఏళ్ల తరబడి చదివిన పిల్లలకు ఫ్రెంచి బాగా అర్థమయ్యేది, మాట్లాడేటప్పుడు మాత్రం తప్పులు దొర్లేవి. వాళ్లకు మాట్లాడాల్సిన అవసరం తగినంత రాకపోవడం ఒక కారణమని భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో విశ్లేషించారు.

ఆ అవసరం క్యాంపస్ ఉద్యోగంలో దొరుకుతుంది. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లిన విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయొచ్చు. డైనింగ్ హాల్ కౌంటర్‌లోనో లైబ్రరీ డెస్క్ దగ్గరో నిలబడితే, ఎదుటి మనిషికి అర్థమయ్యేదాకా చెప్పి తీరాలి. ఆ టెన్షన్ పడలేక వెనక గిన్నెలు కడిగే పనే నయమనుకునేవాళ్లున్నారు. వీలుంటే కౌంటరే అడగండి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. తెల్లవాళ్ల ముందు తప్పుగా మాట్లాడటానికి వెనకాడనివాడు కూడా తోటి తెలుగువాళ్ల ముందు బిగుసుకుపోతాడు. ఒకడి ఇంగ్లిష్‌ను గదిలో అనుకరించి నవ్వితే, మర్నాటి నుంచి వాడు క్లాసులో చెయ్యెత్తడు. ఇది సరదా కాదు, వాడి చదువుకు చేస్తున్న నష్టం.

కన్సల్టెన్సీలు ఐఈఎల్‌టీఎస్ స్కోరు రాగానే ఇంగ్లిష్ సంగతి వదిలేస్తున్నాయి. చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుందని, అక్కడ మన వ్యాసాన్ని ట్యూటర్ పక్కన కూర్చుని విడిగా ఫీజు లేకుండా చర్చించవచ్చని విమానం ఎక్కేముందే చెప్పాలి. మొదటి సెమిస్టర్‌లోనే, పేపర్ గడువు ముంచుకురాకముందే అపాయింట్‌మెంట్ తీసుకోమని కూడా.