హారన్ మోగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు

వానలు మొదలైనప్పటి నుంచీ మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒక మెసేజ్ తిరుగుతోంది. బైక్ సెల్ఫ్ పడకపోతే హారన్ కొట్టి చూడాలట. మోగితే బ్యాటరీ బాగున్నట్టు, మోగకపోతే కొత్తది కొనాల్సిందేనట. బండిని తోసి స్టార్ట్ చేసి పది నిమిషాలు స్టాండ్ మీద ఉంచితే ఫుల్ చార్జ్ అవుతుందట. లేదంటే కారు ఇంజిన్ ఆన్‌లో పెట్టి వైర్లు కలపాలట. బ్యాటరీలో నీళ్లు తగ్గితే ఫిల్టర్ నీళ్లు పోయాలట. ఇది నమ్మి మా తమ్ముడు అనవసరంగా కొత్త బ్యాటరీ కొన్నాడు. అందుకే రాస్తున్నాను.

ముందు హారన్ సంగతి. హారన్‌కి రెండు మూడు ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటార్ తిరగాలంటే పదుల ఆంపియర్లు కావాలి. సగం దిగిపోయిన బ్యాటరీ కూడా హారన్ మోగిస్తుంది, ఇంజిన్‌ని మాత్రం తిప్పలేదు. సెల్ఫ్ నొక్కితే టకటకటక అని రిలే (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు వదిలే స్విచ్) కొట్టుకుంటూ మీటర్ లైట్లు మసకబారుతుంటే బ్యాటరీ మీద అనుమానపడొచ్చు. అసలు ఏ చప్పుడూ లేకపోతే కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, క్లచ్ స్విచ్, ఫ్యూజ్ చూడాలి. హారన్ కూడా మోగలేదంటే టెర్మినల్ బోల్టు వదులైందేమో చూడండి. ప్లస్ వైపు తెల్లగా, నీలంగా బూజులాంటి పొడి పట్టి ఉంటే, ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పి, వేడినీళ్లలో తడిపిన బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి వాజిలిన్ రాయండి. ఈ పనితోనే స్టార్ట్ అయిన బండ్లు నేను చాలా చూశాను.

అసలు మాట వోల్టులు కొలిచే మల్టీమీటర్ చెబుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. సెల్ఫ్ నొక్కి పట్టుకున్నప్పుడు అది పదికి బాగా దిగువకి పడిపోతే బ్యాటరీకి బలం లేదు. 12.5 దగ్గరే కదలకుండా ఉండి మోటార్ తిరగకపోతే తప్పు రిలేలోనో, మోటార్‌లోనో, వైర్లలోనో ఉంది. కొత్త బ్యాటరీ వేసినా ఆ బండి లేవదు.

పది నిమిషాల చార్జింగ్ లెక్క ఇంకా అన్యాయం. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ (లెక్క ప్రకారం ఒక ఆంపియర్ చొప్పున ఐదు గంటలు ఇచ్చేది) సగం దిగిందంటే 2.5 ఆంపియర్ అవర్లు తిరిగి నింపాలి. ఐడిల్‌లో ఇంజిన్ చేసే కరెంటే తక్కువ. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అందులో కొంత దానికే పోతుంది. ఒక ఆంపియర్ మిగిలిందనే అనుకుందాం. పది నిమిషాల్లో చేరేది కావాల్సినదాంట్లో 15వ వంతు. బ్యాటరీని విప్పి, అర ఆంపియర్ ఇచ్చే బైక్ చార్జర్‌కి ఐదారు గంటలు పెట్టడమే సరైన పద్ధతి.

తోసి స్టార్ట్ చేయడం పాత కార్బురేటర్ బండ్లకి బాగా పనిచేసేది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ పంపు తిరగడానికే కరెంటు కావాలి. బ్యాటరీ కాస్త వీక్‌గా ఉంటే లేస్తుంది. పూర్తిగా చచ్చిపోతే చాలా బండ్లు వీధి చివరిదాకా తోసినా లేవవు.

కారు నుంచి కరెంటు తీసుకోవచ్చు, కానీ కారు ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండాలి. రెండూ 12 వోల్టులవే కావాలి. ప్లస్‌కి ప్లస్ కలిపి, కారు మైనస్ నుంచి వచ్చే వైరుని బైక్ ఇంజిన్ మీద రంగు లేని లోహానికి తగిలించండి.

ఫిల్టర్ నీళ్లు వద్దు. వాటిలోనూ లవణాలుంటాయి. మూతలున్న బ్యాటరీ అయితే పైగీత దాటకుండా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. సీల్డ్ బ్యాటరీని తెరవనే కూడదు.

ఇక మా తమ్ముడి బండి. కొత్త బ్యాటరీ వేసిన రెండు వారాలకి మళ్లీ అదే టకటక. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగా, రేజ్ చేసి బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టాం. 14 చుట్టుపక్కల ఉండాల్సింది 12.1 దగ్గరే ఆగిపోయింది. సీటు కింద ఆర్‌ఆర్ యూనిట్ (ఇంజిన్ చేసే కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రెగ్యులేటర్ రెక్టిఫైయర్) కనెక్టర్ లాగి చూస్తే ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. కనెక్టర్ మార్చగానే 14.1 వచ్చింది. పాత బ్యాటరీని చార్జ్ చేసి చూద్దామంటే, దాన్ని అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడు.