భోజనాల బల్ల మీద అజిన్‌కోర్ట్

యుద్ధాల పుస్తకాలు చదివే మనిషి ఇంట్లో ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. పటంలో నీలం బాణం ఇటొచ్చింది, ఎర్ర బాణం అటెళ్ళింది, ఫలానా దళం కుడిపక్క నుంచి చుట్టుముట్టింది అని చదువుకుని దీపం ఆర్పి పడుకుంటారు. సైనిక చరిత్రకారుడు జాన్ కీగన్‌ని చదివినవాళ్ళతోనే వస్తుంది చిక్కంతా.

ఈయన బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పాడు. చిన్నతనంలో ఎముకల క్షయ వచ్చి కాలు దెబ్బతినడంతో సైన్యంలో చేరే యోగం లేకపోయింది. 1976లో వచ్చిన ‘ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్’ మొదలుపెట్టడమే, తాను యుద్ధంలో లేనని, దాని చప్పుడు కూడా వినలేదని చెప్పి మొదలుపెడతాడు. అందులో మొదటి యుద్ధం అజిన్‌కోర్ట్, ఫ్రాన్స్‌లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించింది. ఇక ఆ తర్వాత అన్నీ ప్రశ్నలే. పాతిక కిలోల ఇనుప కవచంతో బురదలో మనిషి ఎంత దూరం నడుస్తాడు? వెనకవాడు తోస్తుంటే ముందువాడికి కత్తి ఎత్తే చోటుంటుందా? ఇవి చదివాక చేతులు ఊరుకోవు. మామగారు ఊరి నుంచి వచ్చి, భోజనానికి కూర్చుంటూ, “ఇంతకీ ఆ ఇంగ్లీషువాళ్ళు ఎలా గెలిచారు బాబూ?” అని మాటవరసకి అడిగితే చాలు.

సరంజామా ఇది. గింజకి వందమంది లెక్కన విలుకాళ్ళకి యాభై వేయించిన పల్లీలు, కవచాలు తొడిగిన ఇంగ్లీషు యోధులకి పది జీడిపప్పులు. (ఈ సంఖ్యల మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పల్లీలు తక్కువైతే బెంగ పడొద్దు.) ఎడమ పక్క ఆవకాయ జాడీ అజిన్‌కోర్ట్ అడవి, కుడి పక్క నెయ్యిగిన్నె ట్రామ్‌కూర్ అడవి. ఫ్రెంచివాళ్ళ వైపు నుంచి వచ్చేకొద్దీ ఈ రెంటి మధ్య జాగా ఇరుకవ్వాలి, కిటుకంతా అక్కడే. విలుకాళ్ళు తమ ముందు పాతుకున్న మొనదేరిన గుంజలకి టూత్‌పిక్కులు. అవి బల్లకి దిగవు గనక ఇడ్లీ ముక్కల్లో గుచ్చాలి. ఫ్రెంచి యోధులకి స్టీలు గ్లాసులు, ఎనిమిదేసి చొప్పున మూడు వరసలు. అసలు నీళ్ళు పోయకముందే వీటిని తీసుకోవాలి. ఆ సంగతి సాధారణంగా తర్వాత తెలుస్తుంది.

ఇక బురద. 1415 అక్టోబర్ 25కి ముందు రాత్రంతా వాన పడింది, అదీ కొత్తగా దున్నిన చేలో. అందుకని ప్లాస్టిక్ గుడ్డ మీద పలచటి మజ్జిగ ఒక గరిటెడు.

“ఏవండీ, బురద లేకుండా గెలవలేరా వాళ్ళు?”

“బురద లేకపోతే గెలవరే!”

ఈలోగా పిల్లాడు విలుకాళ్ళని సగానికి సగం తినేశాడు. అయినా యుద్ధం ఆగదు. అల్లుడుగారు మోచెయ్యి చివరి వరస వెనక ఆనించి మెల్లగా ముందుకు తోశారు. జాడీకీ గిన్నెకీ మధ్యకి వచ్చేసరికి ఎనిమిది గ్లాసులు పట్టే చోటు ఆరుకి తగ్గింది. ముందు గ్లాసు ఇడ్లీకి తగిలి ఒరిగింది. దాని మీద రెండో వరస గ్లాసు, దాని మీద మూడోది. వెనక తోస్తున్న మోచేతికి ముందు జరుగుతున్నది తెలియదు కదా, అది తోస్తూనే ఉంది. నిండు గ్లాసుకి బరువంతా పైన, అడుగు సన్నం, కింద మజ్జిగ జారుడు. నెయ్యిగిన్నె అడవి బోర్లా పడింది. ఇరవై నాలుగు గ్లాసుల నీళ్ళలో అధికభాగం మామగారి పంచె మీదికి చేరింది.

కీగన్ చెప్పింది అచ్చంగా ఇదే. ముందువాళ్ళు పడ్డారన్న కబురు వెనకవాళ్ళకి అందలేదు. తోపులాటలో కింద పడ్డవాళ్ళ మీదే మిగతావాళ్ళు పడ్డారు. అప్పుడు విలుకాళ్ళు విల్లు వదిలి గొడ్డళ్ళు, సుత్తులు పట్టుకుని పక్కల నుంచి దిగారు.

“వెనకవాళ్ళకి ఎవరూ చెప్పలేదా బాబూ?” అన్నారు మామగారు, పంచె పిండుకుంటూ.

“లేదండీ.”

“నాకూ ఎవరూ చెప్పలేదు.”

అదే పుస్తకంలో తర్వాతిది వాటర్లూ, నెపోలియన్ ఓడిన యుద్ధం. దానికి ఇంత ఖర్చుండదు. చతురస్రంగా నిలబడ్డ పదాతి దళం తుపాకుల కొసన బయొనెట్లు చాపితే గుర్రం వాటి మీదికి దూకదు, పక్కకి మళ్ళుతుంది. దీనికి నాలుగు ఫోర్కులు చాలు. మొదటి ప్రపంచయుద్ధపు సోమ్ అధ్యాయం దగ్గర మాత్రం పల్లీల గిన్నె జరిపెయ్యాలి. 1916 జూలై 1న ఒక్కరోజులో చనిపోయిన బ్రిటిష్ సైనికులు 19,240 మంది. గింజకి వంద చొప్పున పోసినా 192 గింజలు; అవి లెక్కపెట్టాక ఎవరికీ అన్నం దిగదు.

ఇప్పుడు ఆ ఇంట్లో కీగన్‌దే ‘ద ప్రైస్ ఆఫ్ అడ్మిరాల్టీ’ నడుస్తోంది. సముద్ర యుద్ధాలు. ట్రఫాల్గర్ వరకూ బకెట్లో సర్దుకుంటారట గానీ, మొదటి ప్రపంచయుద్ధపు జట్‌లాండ్‌లో బ్రిటిష్, జర్మన్ పక్షాలు రెండూ కలిపి దాదాపు 250 ఓడలు. ఇంటావిడ చెంచాలన్నీ లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.