మన వేలితో మన కంట్లోనే

మన వేలితో మన కన్నే పొడుచుకోకూడదని పెద్దలు చెప్పారు. పాపం, వారికి కాంటాక్ట్ లెన్సుల సంగతి తెలియదు. మనం రోజూ ఉదయాన్నే అద్దం ముందు నిలబడి, రెప్పలు విడదీసి పట్టుకుని, అదే పనిని డబ్బిచ్చి మరీ చేస్తున్నాం.

ఇంతకీ కన్ను చేసిన నేరం ఏమిటి? ఒక మిల్లీమీటరు. పెద్దవారి కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఇంకొక్క మిల్లీమీటరు సాగిందంటే, దూరం నుంచి వచ్చే కాంతి కిరణాలు కంటి వెనుక తెర అయిన రెటీనాను చేరకముందే ఒకచోట కలిసిపోతాయి. అదే హ్రస్వదృష్టి. అప్పు ఇచ్చినవాడు ఎదురుగా వస్తున్నా, పక్కకు వచ్చి పలకరించేదాకా ఆనవాలు దొరకదు. (ఈ ఒక్క సౌకర్యాన్నీ లెన్సు పాడుచేస్తుంది.)

లెన్సు కనుగుడ్డును పల్లెత్తు మాట అనదు. కాంతినే పట్టుకుని, కాస్త విచ్చుకునేలా మళ్లించి, రెటీనా మీదే కలుసుకోమంటుంది. తప్పు కనుగుడ్డుది, సర్దుకోవలసింది కాంతి. ఆఫీసుల్లో పనిచేసేవారికి ఈ న్యాయం కొత్తగా అనిపించదు.

పేరుకు కాంటాక్ట్ గానీ, అది నిలబడేది కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద ఉండే కన్నీటి పొర మీద. ఏడుపు ఆధారంగా నడిచే వ్యవస్థ అన్నమాట. కన్ను చేసే కాంతి వంపులో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడే జరుగుతుంది కాబట్టి, పైరవీకి సరైన గుమ్మమే ఎంచుకుంది. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవారి లెన్సు గిర్రున తిరిగిపోకుండా అడుగుభాగాన్ని కొంచెం మందంగా చేస్తారు. బరువుంటేనే కుదురు!

1888లో కంటి వైద్యుడు అడాల్ఫ్ ఫిక్ గాజు లెన్సులను మొదట కుందేళ్లకు పెట్టి చూశాడు. వాటిలో ఏదీ చూపు ఆనడం లేదని ఫిర్యాదు చేసి ఉండదు. 1961లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఓటో విఖ్టెర్లే పిల్లల ఆటసామాను, సైకిల్ డైనమోలతో ఇంట్లో యంత్రం కట్టి మెత్తని లెన్సులు తీశాడు. పిల్లల బొమ్మలు లాక్కునే తండ్రులందరూ ఇంత ప్రయోజకులు కారు.

కార్నియాకు రక్తనాళాలు లేవు, ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందాలి. అందుకే లెన్సుతో నిద్రపోవద్దంటారు. కుళాయి నీటితో కడగవద్దనీ అంటారు, అందులో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి చూపునే తినేయగలదు. ఇవన్నీ శ్రద్ధగా విని, అలసిన రాత్రి లెన్సులతోనే పడుకుంటాం.

ఇక ఆ పారదర్శక పదార్థం నేల మీద పడిందా, వెతకడానికి చూపు కావాలి, చూపేమో నేల మీద ఉంది. అప్పుడు బీరువా అడుగు సొరుగు తెరిచి, ముఖానికి అందం తగ్గిస్తున్నాయని దాచేసిన కళ్లద్దాలను తడుముకుంటూ బయటికి తీస్తాం.